కోకోపీటా, ఇసుకా, వర్మిక్యులైటా: కొమ్మ ముక్క వేరు పట్టేది దేంట్లో?

నాలుగేళ్ల కిందట, సరిగ్గా జూలై ముసురులో, రెండు వేల పైచిలుకు జామాయిల్ ముక్కల్ని చేతులారా కుళ్లబెట్టాను. కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, మంచిదే, వేరు పట్టించే హార్మోన్ పొడి మంచిదే, ముక్కలు కూడా లేత పిలకల నుంచి పొద్దున్నే కోసి తెచ్చినవే. మా నర్సరీకి ఆరేడు కిలోమీటర్ల అవతల ఇంకో నర్సరీ నడిపే బాబాయ్ కూడా అదే లారీలో దిగిన కోకోపీట్ దిమ్మలే వాడారు, ఆయనకి నూటికి డెబ్భైకి పైగా వేరు పట్టాయి. నావి పీకి చూస్తే మొదలు నల్లబడి, వేలితో తాకగానే తొక్క ఊడి చేతికొచ్చేస్తోంది. సరుకులో తేడా ఉందని, నాకు అంటగట్టారని అమ్మినవాడిని వారం రోజులు తిట్టుకున్నాను.

చివరికి బాబాయ్ దగ్గరికే వెళ్లి గోడు వెళ్లబోసుకుంటే ఆయన నవ్వి, "పీట్‌లో ఏముందిరా, దాన్ని దేంట్లో పోశావు, రోజుకి ఎన్నిసార్లు తడిపావు, ముందు అది చెప్పు" అన్నారు. నేను పోసింది టమాటా నారు పెంచే ప్రోట్రేల్లో. ఆయన పోసింది రూట్ ట్రైనర్లలో, అంటే వేలెడు కన్నా పొడుగున్న సన్నటి గుంటల్లో. నాది చేత్తో తిప్పే వాల్వు, పనిలో పడి కట్టడం మర్చిపోతే నీళ్లు ధారగా పడుతూనే ఉంటాయి. ఆయనది టైమర్ మీద నడిచే మిస్ట్, సన్నటి నీటి తుంపర, కొన్ని సెకన్లు పట్టి ఆగిపోతుంది. ఒకే పొట్టు, రెండు రకాల తడి.

అప్పటి నుంచి ఎవరైనా "ముక్కలు నాటడానికి ఏ మీడియం మంచిది?" అని, అంటే ముక్కని దేంట్లో గుచ్చాలని, అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను, నీళ్లు ఎవరు పెడతారు, ఎలా పెడతారు, ట్రే లోతెంత అని. చాలామందికి చిరాకొస్తుంది. కానీ ఆ మూడూ తెలియకుండా చెప్పే ఏ మిశ్రమమైనా గాల్లో దీపమే.

వేరు లేని ముక్క ఎలా బతుకుతుంది

తల్లి చెట్టు నుంచి కోసిన నిమిషం నుంచి ముక్క అప్పు మీద బతుకుతున్నట్టు. ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది, కింద లాక్కోవడానికి వేరు లేదు. అందుకే మిస్ట్, షేడ్ నెట్, సగానికి కత్తిరించిన ఆకులు. ఇదంతా పైన జరిగే కథ, దీని మీద అందరికీ శ్రద్ధ ఉంటుంది ఎందుకంటే కంటికి కనిపిస్తుంది కాబట్టి. కింద మీడియం లోపల జరిగేది ఇంకో కథ. కోసిన చోట గాయం మానడానికి కణాలు విభజన చెందాలి, కొన్నింట్లో గడ్డలా కాలస్ కడుతుంది, తర్వాత తొక్క కింద కొత్త వేరు మొగ్గ పుట్టి బయటికి పొడుచుకు రావాలి. జామాయిల్ లాంటి వాటికి మూడు నాలుగు వారాల పని ఇది. ఆ పనికి శక్తి కావాలి, శక్తికి శ్వాస కావాలి, శ్వాసకి ఆక్సిజన్ కావాలి. మట్టిలో దాగిన ముక్క మొదలు కూడా మనలాగే ఊపిరి పీలుస్తుందన్నమాట.

ఇక్కడే చిక్కు. ఆక్సిజన్ గాల్లో కదిలినంత సులువుగా నీటిలో కదలదు, దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. మీడియం సందులన్నీ నీటితో నిండిపోతే ముక్క మొదలు చుట్టూ ఉన్న కాస్త ఆక్సిజన్ అయిపోయాక కొత్తది అందదు. పైగా మన ఎండలు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటే 35 డిగ్రీల నీటిలో 7కి పడిపోతుంది, అదే వేడికి ముక్క శ్వాస మాత్రం పెరుగుతుంది. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన ఇల్లు ఎంతకాలం నిలుస్తుంది? చల్లటి దేశాల నర్సరీ పుస్తకాల్లోని మిశ్రమాలు ఇక్కడ యథాతథంగా పనిచేయకపోవడానికి ఇదో కారణం.

అసలు మీడియం లేకుండా కూడా వేరు తెప్పించవచ్చు. ముక్కల మొదళ్లను చీకటి డబ్బాలో వేలాడదీసి కింద నుంచి సన్నటి నీటి పొగ కొట్టే ఏరోపోనిక్స్ పద్ధతిలో మట్టీ లేదు, పొట్టూ లేదు, అయినా వేర్లొస్తాయి. దాన్నిబట్టి తెలిసేదేంటంటే మీడియం ముక్కకు పెట్టే భోజనం కాదు. ముక్కని కదలకుండా పట్టుకోవాలి, మొదటికి చీకటి ఇవ్వాలి, తడి అందించాలి, గాలి అడ్డుకోకూడదు. ఈ నాలుగే. మొదటి రెండూ దాదాపు ఏ పదార్థమైనా చేస్తుంది. గొడవంతా తడికీ గాలికీ మధ్యే, ఎందుకంటే ఆ రెండూ ఒకే సందుల కోసం పోటీ పడతాయి.

అందుకే మీడియంలో బలం కోసం వర్మికంపోస్టు, చివికిన పశువుల ఎరువు కలిపేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేరంటూ లేని ముక్క దాన్ని తినేది ఎలా? తినేది బూజు, ఫంగస్. ఎరువు కలపాల్సింది వేరు దిగాక, అంతకు ముందు కాదు.

ట్రే లోతు చేసే మోసం

నా ముక్కలు ఎందుకు కుళ్లాయో అర్థం కావాలంటే ఇంట్లో స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్లలో ముంచి, అరచేతిలో పడుకోబెట్టినట్టు పట్టుకుని, చుక్కలు కారడం పూర్తిగా ఆగేదాకా ఉంచండి. ఇప్పుడు దాన్ని పిండకుండా నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, నీళ్లు అవే, మారింది ఎత్తు ఒక్కటే.

ట్రేలో కూడా ఇదే జరుగుతుంది. కింద ఎన్ని చిల్లులున్నా, అడుగున కొంత మందం దాకా మీడియం నీటితో పూర్తిగా నిండి ఉంటుంది, అది కారిపోదు. సందులు సన్నగా ఉంటే ఆ పొర మందంగా, సందులు పెద్దగా ఉంటే పల్చగా ఉంటుంది. అయితే ఆ మందం మీడియాన్ని బట్టే కానీ గిన్నె ఎత్తును బట్టి కాదు. మెత్తటి కోకోపీట్‌లో ఆ పొర 3 సెంటీమీటర్లు అనుకుందాం. ప్రోట్రే గుంట లోతు 4 సెంటీమీటర్లయితే ముప్పావు వంతు నీళ్లే, ముక్కని 2 సెంటీమీటర్లు దించితే దాని మొదలు సరిగ్గా ఆ నీళ్లలోనే కూర్చుంటుంది. అదే పొట్టు 10 సెంటీమీటర్ల రూట్ ట్రైనర్‌లో పోస్తే అడుగు 3 సెంటీమీటర్లూ తడిసి ముద్దగా ఉన్నా ముక్క మొదలు దానికి 5 సెంటీమీటర్ల పైన హాయిగా ఉంటుంది. బాబాయ్ ముక్కలు బతికిన రహస్యం ఇంతే, ఇందులో హస్తవాసి ఏమీ లేదు.

అడుగున చిన్న కంకర రాళ్లో, పెంకులో వేస్తే నీళ్లు బాగా దిగుతాయని పెద్దవాళ్లు చెప్పడం, మనం చేయడం చాలాచోట్ల చూస్తాం. నిజానికి అది ఎదురు తిరుగుతుంది. సన్న సందుల్లోంచి పెద్ద సందుల్లోకి నీరు తేలిగ్గా దిగదు, పై పొర పూర్తిగా నిండాకే కిందికి జారుతుంది. అంటే ఆ నీటి పొర రాళ్ల మీదకి ఎక్కి ముక్కకి ఇంకా దగ్గరవుతుంది. చిల్లులోంచి పొట్టు జారకుండా ఉండాలంటే ఒక నెట్ ముక్క చాలు.

ఒక్కో సరుకు, ఒక్కో బుద్ధి

ముందుగా ఇసుక, ఎందుకంటే అందరూ దాన్నే మొదట పట్టుకుంటారు. గోదావరి ఇసుక అంటే ఒకటే ఇసుక కాదు. ఇంటి ప్లాస్టరింగ్‌కి వాడే సన్న ఇసుక ముక్కలకి పనికిరాదు, గింజలు దగ్గరగా సర్దుకుని సిమెంటులా బిగుస్తుంది. కావాల్సింది అర మిల్లీమీటరు నుంచి 2 మిల్లీమీటర్ల దాకా ఉండే దొడ్డు ఇసుక, అదీ కడిగి. ఒండ్రు ఎంత ఉందో చూడాలంటే గాజు సీసాలో గుప్పెడు ఇసుక వేసి నీళ్లు పోసి బాగా కుదిపి పక్కన పెట్టండి, ఇసుక అడుగున దిగాక దాని పైన పేరుకున్న మెత్తటి పొరే మీ శత్రువు. సముద్రం ఒడ్డు ఇసుక ఉప్పు వల్ల అసలే వద్దు. ఇసుక మంచితనం ఏంటంటే కుళ్లదు, బూజు తక్కువ, కడిగి ఎండబెట్టి మళ్లీ వాడొచ్చు. కష్టమేంటంటే నీళ్లు నిలవవు, మిస్ట్ గంటసేపు ఆగితే ముక్క వాడిపోతుంది, కరెంటు పోయే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఇంకోటి, ఉత్త ఇసుకలో వచ్చే వేర్లు చాలా జాతుల్లో పొడుగ్గా, కొమ్మలు లేకుండా, పెళుసుగా ఉంటాయి, తీసి కవర్లోకి మార్చేటప్పుడు పుటుక్కున విరిగిపోతాయి. బరువు సంగతి సరేసరి. 100 మిల్లీలీటర్ల గుంటలు పదివేలు నింపాలంటే వెయ్యి లీటర్ల మీడియం కావాలి. ఇసుకైతే అది టన్నున్నర పైమాటే, కోకోపీట్ అయితే 5 కిలోల దిమ్మలు పద్నాలుగో పదిహేనో, ఎందుకంటే ఒక్కో దిమ్మ నానితే 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది.

కోకోపీట్, అంటే కొబ్బరి పీచు తీసేటప్పుడు రాలే పొట్టు. కోనసీమలో పీచు ఫ్యాక్టరీల పక్కన ఒకప్పుడు దిక్కులేకుండా గుట్టలుగా పడి ఉండేది, ఇప్పుడు అదే దిమ్మలుగా మారి ఓడలెక్కుతోంది. నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది, పీహెచ్ కూడా 5.5 నుంచి 6.5 మధ్య ఉంటుంది కాబట్టి ముక్కలకి ఇబ్బంది లేదు. కానీ ఇందులో మూడు విషయాలు చూసుకోవాలి.

ఒకటి ఉప్పు. కొబ్బరి డొక్కలోనే పొటాషియం, సోడియం, క్లోరైడ్ లవణాలు ఉంటాయి, డొక్కలు ఉప్పు నీటిలో నానబెట్టిన చోటి పొట్టయితే మరీ ఎక్కువ. కడిగిన సరుకుని లో ఈసీ అని అమ్ముతారు, ఈసీ అంటే లవణాలు ఎంతున్నాయో చెప్పే కొలత, అది 0.5 లోపు ఉంటే నిశ్చింత. కడగనిది 2 దాటి కూడా ఉండొచ్చు, అందులో గుచ్చిన లేత ముక్కకి నీరు అందాల్సింది పోయి ఉన్న నీరే బయటికి లాగేస్తుంది. మీరే కడుక్కునేట్టయితే చవక ఈసీ మీటరు ఒకటి కొనుక్కోండి. లోపలికి పోసిన నీటి రీడింగుకీ కారి వచ్చిన నీటి రీడింగుకీ పెద్ద తేడా లేనంతవరకు కడగాలి. మొదటిసారి వచ్చే నీరు డికాషన్ రంగులో ఉంటుంది, ఆ టానిన్లు పోవడం కూడా మంచిదే. ఇక్కడ తీరప్రాంతం వాళ్లు ఒకటి గమనించాలి, మీ బోరు నీరే 1.5 ఉంటే ఆ నీటితో పదిసార్లు కడిగినా ఆ పొట్టు 1.5 కిందికి దిగదు. అలాంటి చోట వాన నీరు పట్టి దాచుకోవడమో, కాలవ నీరు వాడటమో తప్ప దారి లేదు. మీడియం మీద వేలు ఖర్చుపెట్టి నీటి పరీక్ష చేయించని నర్సరీలు చాలా ఉన్నాయి.

రెండోది మెత్తదనం. పీచు ముక్కలు, చిన్న చిప్స్ కలిసి ఉన్న పొట్టుకీ పిండిలా ఉన్న పొట్టుకీ గాలి విషయంలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. పిండిలాంటిదైతే జల్లెడ పట్టి పై గరుకు భాగమే ముక్కలకి ఉంచుకోండి, కిందిది కుండీల మట్టిలో కలుపుకోవచ్చు. మూడోది మన చేతులే. ట్రే నింపాక బొటనవేలితో నొక్కి సరిచేసే అలవాటు పనివాళ్లందరికీ ఉంటుంది, ఎంత చెప్పినా మానరు. ఆ ఒక్క నొక్కుతో డబ్బు పెట్టి కొన్న గాలంతా పోతుంది. ట్రేని నేలకి రెండుసార్లు తట్టితే చాలు.

ఇక వర్మిక్యులైట్. దీని గురించి మాట్లాడితే భద్రాచలం పేరు రాకుండా ఉండదు. గోదావరి ఒడ్డున సారపాకలోని ఐటీసీ కాగితం మిల్లు వాళ్లు 1989లో డాక్టర్ ప్యారే లాల్ నడిపించగా జామాయిల్ క్లోన్ల పని, అంటే ఎంచిన చెట్టు ముక్కల నుంచే దాని నకళ్లు పెంచే పని, మొదలుపెట్టారు. ఈ రోజు రైతులు 413 కావాలి, 526 కావాలి అని నంబర్లతో అడుగుతున్నారంటే అక్కడి నుంచి వచ్చిందే. వాళ్ల పద్ధతిలో ముక్కని 4000 నుంచి 6000 పీపీఎం ఐబీఏ అనే వేరు హార్మోన్ పొడిలో అద్ది, రూట్ ట్రైనర్లలో నింపిన వర్మిక్యులైట్‌లో గుచ్చి, గాల్లో తేమ 80 శాతానికి పైన ఉండే మిస్ట్ చాంబర్లో పెడతారు. వర్మిక్యులైటే ఎందుకంటే, ఇది అభ్రకం లాంటి ఖనిజం, నెల్లూరు, గూడూరు వైపు అభ్రకం గనుల ప్రాంతంలో మనకే దొరుకుతుంది. దాన్ని దాదాపు వెయ్యి డిగ్రీల వేడికి గురిచేస్తే పొరల మధ్య ఉన్న నీరు ఆవిరై హార్మోనియం తిత్తిలా విచ్చుకుంటుంది. ఆ వేడికి ఏ క్రిమీ మిగలదు కాబట్టి సంచి విప్పేటప్పటికి శుభ్రంగా ఉంటుంది. నీళ్లు రేకుల లోపల, గాలి రేకుల మధ్య. ఖరీదు ఎక్కువే, తడిగా ఉన్నప్పుడు నలిపితే రేకులు అణిగిపోతాయి, మళ్లీ విచ్చుకోవు, కాబట్టి రెండోసారి వాడకానికి పెద్దగా పనికిరాదు. లక్షల మొక్కలు ఒకేలా రావాలనుకునే చోట ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. చూసి నేర్చుకోవాల్సింది ఒకటే, అక్కడ వర్మిక్యులైట్ ఒక్కటే కాదు, లోతైన ట్రైనరు, కొలిచి పట్టే మిస్ట్, పిలకల తోట, అన్నీ కలిపి ఒక పద్ధతి. అందులోంచి సంచి మాత్రం కొనుక్కొచ్చి మన ప్రోట్రేలో పోసుకుంటే ఆ ఫలితం రాదు.

దుమ్ము విషయం కూడా చెప్పాలి. అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ అనే ఊళ్లో పెద్ద వర్మిక్యులైట్ గని ఉండేది, ఆ ఖనిజంలో ఆస్బెస్టాస్ కలిసి ఉండటంతో గని కూలీలు, ఊరి జనం ఎంతోమంది ఊపిరితిత్తుల జబ్బులతో పోయారు, 1990లో ఆ గని మూతపడింది. అన్ని గనుల సరుకూ అలాంటిది కాదు. అయినా వర్మిక్యులైట్ కానీ పెర్లైట్ కానీ సంచి కోయగానే నీళ్లు చల్లి తడిపి, మూతికి గుడ్డ కట్టుకునే పని చేయించండి.

పెర్లైట్ సంగతి తొందరగా: తెల్లటి పాప్‌కార్న్‌లా ఉండే అగ్నిపర్వత గాజు, గాలి కోసమే కొనేది, కోకోపీట్‌లో పాతిక నుంచి యాభై శాతం కలుపుతారు. ఉత్తగా వాడితే ఇసుక లాగే తొందరగా ఆరిపోతుంది. పీట్ మాస్, అంటే చిత్తడి నేలల్లోంచి తవ్వే నాచు పొట్టు, దిగుమతి సరుకు, కోకోపీట్ గుమ్మం ముందు ఉన్నవాళ్లకి దాని అవసరం నాకైతే కనబడదు.

మన దగ్గర పెర్లైట్‌కి చవక బదులు ఊక. పచ్చి ఊక కలిపితే తాలు గింజల్లో మిగిలిన వడ్లు మొలకెత్తి ట్రే నారుమడి అవుతుంది, నవ్వుకోకండి, నాకు అయింది. సగం కాల్చి నీళ్లు చల్లి ఆర్పిన నల్ల ఊక అయితే ఆ గొడవ లేదు, తేలిక, గాలి బాగా ఆడుతుంది. మిల్లు బాయిలర్ల నుంచి వచ్చే తెల్ల బూడిద మాత్రం వేరే సరుకు, పొడిగా ఉండి సందులు పూడ్చేస్తుంది. నల్ల ఊకకైనా క్షారగుణం ఉంటుంది కాబట్టి ఒక వానలో తడవనిచ్చి కానీ, రెండుసార్లు కడిగి కానీ వాడాలి.

ఎర్రమట్టి? మునగ, గ్లైరిసీడియా, మర్రి లాంటి వాటి ముదురు కొమ్మలకి, మిస్ట్ లేని చోట, దొడ్డు ఇసుకతో సగం సగం కలిపి కవర్లో పోస్తే చక్కగా పనిచేస్తుంది. ముదురు కొమ్మలో నిల్వ తిండి ఉంటుంది, ఆకులు లేవు, తొందర లేదు, అక్కడ తడి నిలవడమే కావాలి. అదే ఎర్రమట్టిలో లేత జామాయిల్ ముక్క గుచ్చి మిస్ట్ కింద పెడితే నాలుగు రోజుల్లో బురద. దేవగన్నేరు లాంటి పాలు కారే చెట్లకి ఇంకో లెక్క, కోసిన మొదలు కొన్నాళ్లు నీడలో ఆరబెట్టి, దొడ్డు ఇసుకలో దాదాపు పొడిగానే ఉంచాలి.

రెండూ కలిపితే సగటు రాదు

గాలి ఎక్కువ ఉన్నదాన్నీ తడి ఎక్కువ ఉన్నదాన్నీ సగం సగం కలిపితే మధ్యస్తంగా వస్తుందని అనుకుంటాం. మానికెడు శనగలు పోసి దాని మీద ఆవాలు పోయండి, ఆవాలన్నీ శనగల సందుల్లోకి దూరిపోతాయి, మానిక నిండుగానే ఉంటుంది, ఖాళీ మాత్రం మాయం. దొడ్డు ఇసుకలో మెత్తటి పొట్టు కొద్దిగా కలిపినప్పుడు జరిగేది ఇదే. ఒక బక్కెట్టు ఇదీ ఒక బక్కెట్టు అదీ కలిపితే రెండు బక్కెట్లు రాకుండా ఒకటిన్నర వచ్చిందంటే ఆ తగ్గిన అర బక్కెట్టే మీరు పోగొట్టుకున్న గాలి. గరుకుగా ఉన్నవాటిని ఒకే సైజులో ఎంచి కలపడం మేలు.

కాగితం మీద వాదనల కన్నా కొలుచుకోవడం తేలిక. మీ ట్రే గుంట ఎంత లోతో అంతే ఎత్తుండే డబ్బా తీసుకోండి, లోతు మారితే లెక్క మారిపోతుంది కాబట్టి ఇది ముఖ్యం. అడుగున చిల్లు పెట్టి టేపుతో మూయండి, మీ మిశ్రమాన్ని ట్రేలో ఎలా నింపుతారో అలాగే నింపండి, నెమ్మదిగా నీళ్లు పోస్తూ పైన మెరిసేదాకా నానబెట్టండి. కాసేపాగి టేపు తీసి, కారిన నీళ్లన్నీ గిన్నెలో పట్టి కొలవండి. ఆ నీళ్లు ఖాళీ చేసిన చోటే గాలి. డబ్బా పట్టేది లీటరు, కారింది 100 మిల్లీలీటర్లయితే గాలి 10 శాతం, మిస్ట్ కింద అది ప్రమాదం. 200 నుంచి 350 మధ్య కారితే లేత ముక్కలకి నేను ధైర్యంగా వాడతాను. 400 దాటితే మీ మిస్ట్ ఎంత నమ్మకమైనదో ఒకసారి ఆలోచించుకోండి.

నా వరకు నేను కాలాన్ని బట్టి మారుస్తాను. ఎండాకాలంలో గరుకు కోకోపీట్ మూడు వంతులకి నల్ల ఊక ఒక వంతు, ముసురు రోజుల్లో సగం సగం, ఎందుకంటే గాల్లోనే తడి ఉన్నప్పుడు మీడియం ఆరే అవకాశం లేదు. పాత మీడియం మళ్లీ వాడాల్సి వస్తే ఏప్రిల్, మే ఎండల్లో తడిపి, పల్చగా పరిచి, తెల్లటి పారదర్శక పాలిథిన్ కప్పి అంచులు మట్టితో బిగించి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచుతాను. నల్ల కవరు కప్పితే అంత వేడెక్కదు.

వేరు దిగాక మొదలయ్యే తలనొప్పి

ఇసుక మడిలో వేరు తెప్పించి కవర్లోకి మార్చే పాత పద్ధతిలో మీడియం ఒక్క పనే చేస్తే చాలు. రూట్ ట్రైనర్లోనే గుచ్చి అందులోనే పెంచి అమ్మే పద్ధతిలో అదే మీడియం రెండు పనులు చేయాలి, మొదటి నెల ఖాళీగా ఉండాలి, తర్వాత రెండు మూడు నెలలు తిండి పెట్టాలి. ఇక్కడే చాలామంది ముందే ఎరువు కలిపి దెబ్బతింటారు. వేరు కనబడ్డాక నీళ్లలో కరిగే ఎరువు పల్చగా మొదలుపెట్టడం నాకు నచ్చిన దారి, కోకోపీట్ కొంత కాల్షియాన్ని పట్టి ఉంచేస్తుంది కాబట్టి కాల్షియం నైట్రేట్ మర్చిపోకూడదు.

పొలంలో నాటాక ఇంకో సంగతి. కోకోపీట్ గడ్డతో ఉన్న మొక్కని నల్లరేగడిలో పెడితే, మట్టి సన్నటి సందులు గడ్డలోని తడిని తమవైపు లాగేసుకుంటాయి. చుట్టూ నేల తడిగానే కనిపిస్తుంది, మొక్క మాత్రం వాడుతుంది. వేరు గడ్డ దాటి మట్టిలోకి పాకేదాకా, అంటే మొదటి రెండు మూడు వారాలు, నీరు మొక్క మొదట్లోనే పడాలి. రైతుకి ఈ మాట చెప్పి పంపకపోతే తర్వాత ఫోన్ మనకే వస్తుంది.

ముక్కలు పోయినప్పుడు మాత్రం ఊరికే పారేయకండి, పది పీకి చూడండి. మొదలు నల్లగా జిగటగా ఉంటే గాలి లేదు. తొక్క ముడతలు పడి ఎండిపోయి ఉంటే ముక్క చుట్టూ ఖాళీ ఉండి మీడియం అంటుకోలేదు, లేదా తడి చాల్లేదు. ఆకులు రాలినా కాండం గట్టిగా పచ్చగా ఉంటే తప్పు పైన ఉంది, మిస్ట్ చూసుకోండి. అన్నిటికన్నా బాగా కథ చెప్పేది బతికిన ముక్కే: వేర్లు అడుగున కోసిన చోట కాకుండా పైన, మీడియం ఉపరితలానికి దగ్గరగా పుట్టాయంటే కింద ఊపిరాడక అది పైకి వెతుక్కున్నట్టు. నా రెండు వేలలో మిగిలిన వంద ముక్కలూ అలాగే ఉన్నాయి, అప్పుడు చదవడం రాలేదు.

సరుగుడు వేసేవాళ్లకి ఒక్క మాట. సరుగుడు వేర్ల మీద ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి బుడిపెలు కట్టి గాల్లోని నత్రజనిని పట్టిస్తుంది. వర్మిక్యులైట్‌లోనో కడిగిన పొట్టులోనో అది ఉండదు కదా, వేరు బాగానే దిగిన మొక్క కూడా పాలిపోయి ఎదగకుండా నిలబడుతుంది. మిస్ట్ నుంచి బయటికి తెచ్చి నీడలో గట్టిపరిచే రోజుల్లో, తెగులు లేని పాత సరుగుడు తోట నుంచి వేరు బుడిపెలు తెచ్చి, కడిగి, నూరి, నీళ్లలో కలిపి ట్రైనర్లలో పోస్తే సరి. అంతకు ముందు మిస్ట్ చాంబర్లోకి మాత్రం ఆ తోట మట్టిని, మట్టి అంటిన చెప్పుల్ని కూడా రానివ్వకండి.